పాడి ప్రశ్నలు: ఆవు గిట్టలు, కుంటు

వానలు మొదలైనప్పటి నుంచి మాకు వస్తున్న ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చాలావరకు ఒకటే మాట చెబుతున్నాయి, ఆవు కుంటుతోంది అని. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: మాకు ఆరు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులున్నాయి. వాటిలో బాగా పాలిచ్చే ఆవు ఈని రెండున్నర నెలలైంది. పూటకు తొమ్మిది లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు ఆరుకు దిగింది. వెనక ఎడమ కాలు మోపలేకపోతోంది. ఊళ్లో వైద్యం చేసే అతను నొప్పికి ఒకటి, చీము పట్టకుండా ఒకటి మూడు రోజులు ఇంజెక్షన్లు వేశాడు. నాలుగు రోజులు బాగానే నడిచింది, మళ్లీ మొదటికొచ్చింది. గిట్టల మధ్య పుండేమీ కనిపించడం లేదు. ఎండాకాలానికి ముందే షెడ్డులో కొత్తగా కాంక్రీటు వేయించాం. ఏం చేయాలి డాక్టర్ గారూ? (పలమనేరు నుంచి ఒక పాడి రైతు)

జవాబు: ముందు ఒక మాట అడుగుతాను. ఇన్ని రోజుల్లో ఎవరైనా ఆ కాలు ఎత్తి, గిట్ట అడుగు కడిగి చూశారా? మీ ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా లేదు. కుంటే ఆవుకు కాలు ఎత్తకుండా వేసే ఇంజెక్షన్ నొప్పిని నాలుగు రోజులు ఆపుతుంది, అంతే. లోపలున్నది అలాగే ఉంటుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది గిట్ట అడుగున పుండు అయ్యుండొచ్చు. పాల ఆవుల్లో కుంటు చాలావరకు వెనక కాళ్లలోనే వస్తుంది, అందులోనూ బయటి గిట్టలో. ఆ గిట్ట లోపలి దానికంటే ఎక్కువ బరువు మోస్తుంది, ఎక్కువ పెరుగుతుంది కూడా. కాలు ఎత్తించి, నీళ్లతో బాగా కడిగి, పైపొర కొద్దిగా గీకితే, మడమకు కాస్త ముందు, లోపలి అంచు వైపు ఎర్రగానో నల్లగానో ఒక మచ్చ కనిపిస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కండి, ఆవు కాలు లాక్కుంటే చోటు అదే. అక్కడ ఏమీ లేకపోతే గిట్ట గోడ, అడుగు కలిసే చోట ఉండే తెల్లటి గీత వెంట చూడండి. ఆ గీతలో చిన్న రాయి ఇరుక్కుని లోపల చీము పట్టినా ఇలాగే కాలు మోపలేదు, కాకపోతే అది ఉన్నట్టుండి వస్తుంది.

ఈ పుండు ఈ వారం పుట్టింది కాదు. ఈనే రోజుల్లో ఒంట్లో హార్మోన్లు మారి కీళ్ల చుట్టూ ఉన్న పట్టు వదులవుతుంది, గిట్టలో వేలాడే ఎముకకు కూడా ఆ పట్టు తగ్గి అది కొద్దిగా కిందికి జారుతుంది. మడమలో చెప్పు అడుగున స్పాంజిలాగా ఒక కొవ్వు మెత్త ఉంటుంది, చిక్కిపోయిన ఆవులో అదీ పలచబడుతుంది. అప్పుడు ఆవును గంటల తరబడి గట్టి నేల మీద నిలబెడితే ఎముక లోపలి నుంచే అడుగు కణజాలాన్ని నలిపేస్తుంది. ఆ నలుగుడు పైకి తేలి మనకు కనబడడానికి రెండు, మూడు నెలలు పడుతుంది, ఎందుకంటే గిట్ట నెలకు అర సెంటీమీటరే పెరుగుతుంది. మీ ఆవు మే నెల ఎండల్లో, కొత్త కాంక్రీటు మీద ఈనింది. లెక్క సరిపోయింది కదా.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. పశువైద్యుడిని పిలిపించి, ట్రెవిస్‌లో (ఆవు కదలకుండా నిలబెట్టే చట్రంలో) నిలబెట్టి కాలు కట్టించి, పుండు చుట్టూ విడిపోయిన గట్టి పొరను పలచగా తీయించండి. ఎర్రటి కండ కనిపించే దాకా తవ్వకూడదు, రక్తం కారిందంటే లోతుకు పోయినట్టే. ఆ తర్వాత అదే కాలికి బాగున్న రెండో గిట్ట అడుగున చెక్క దిమ్మ గానీ ప్లాస్టిక్ దిమ్మ గానీ జిగురుతో అంటిస్తారు. బరువంతా బాగున్న గిట్ట మీదికి పోతుంది, పుండున్న గిట్ట గాల్లో తేలి మానుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఆ దిమ్మ ఉండాలి. వట్టి ఇంజెక్షన్లతో పోల్చితే దీనికి వచ్చే తేడా కళ్లతో చూస్తే తప్ప నమ్మలేరు, దిమ్మ అంటించిన రోజు సాయంత్రానికే కాలు నేలకు ఆనించే ఆవులున్నాయి. చీము, వాపు, జ్వరం లేకపోతే యాంటీబయాటిక్ అక్కర్లేదు. దానికి పెట్టే డబ్బు దిమ్మకు పెట్టండి.

నొప్పి మందు మాత్రం ఇవ్వాలి, మూడు రోజులు ఇస్తే మేత తింటుంది. ఏ మందో అడిగి తెలుసుకోండి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా మన దేశంలో 2006లోనే ఆపేశారు, 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఆ మందులు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి. మనుషుల మందుల షాపులో తెచ్చిన సూది మందు ఆవుకు పొడిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, దయచేసి ఒప్పుకోకండి. మెలాక్సికామ్ ఉంది, అది పనిచేస్తుంది.

ఇక షెడ్డు. ఒక ఆవును బాగు చేసి మిగతా ఐదింటిని అదే నేల మీద నిలబెడితే వచ్చే ఏడు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. కొత్త కాంక్రీటు గరుకుగా ఉండి గిట్ట అడుగును అరగదీస్తుంది. బరువైన సిమెంటు దిమ్మను దాని మీద నాలుగైదు సార్లు ఈడ్పిస్తే ఆ పదును పోతుంది, తర్వాత నీళ్లు పెట్టి బాగా కడగండి. అలాగని అద్దంలా నున్నగా చేస్తే ఆవులు జారి పడతాయి, సెంటీమీటరు లోతున గాడులు తీయించాలి. ఆవు వెనక్కి వెళ్లి ఒకసారి చూడండి, వెనక కాళ్లు ఎక్కడున్నాయి? మన షెడ్లలో నిలబడే చోటు పొట్టిగా కట్టి, వెనకే పేడ కాలువ పెడుతున్నారు. పొడుగాటి హెచ్‌ఎఫ్ ఆవు ముందు కాళ్లు పొడిలో, వెనక కాళ్లు కాలువ అంచు మీదో మూత్రంలోనో పెట్టి రోజంతా నిలబడుతుంది. తొట్టి అంచు నుంచి కాలువ దాకా కనీసం ఐదున్నర అడుగులు ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం ఆవు పడుకోవడం. పాల ఆవు రోజుకు దాదాపు 12 గంటలు పడుకోవాలి. గొలుసు పొట్టిగా కట్టినా, నేల తడిగా ఉన్నా, పడుకునే చోట మోకాళ్లకు గట్టిగా తగిలినా నిలబడే ఉంటుంది. ఎండాకాలంలో మరీ ఎక్కువ, ఒళ్లు చల్లబడాలని ఆవు నిలబడిపోతుంది. రబ్బరు మ్యాట్లు వేస్తే వెనక కాళ్ల దాకా వచ్చేలా వేయండి, ముందు సగానికి వేసి వదిలేసిన షెడ్లు చాలా ఉన్నాయి. మ్యాట్లు కొనలేకపోతే మధ్యాహ్నం నీళ్లు కొట్టి కడగడం మానేసి పేడ ఎత్తేయండి, నేల పొడిగా ఉంటుంది. రాత్రిపూట మట్టి నేల మీద, చెట్టు కింద కట్టేయగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: మూడు నెలల కిందట ఇంట్లో పెళ్లి అయింది. మిగిలిన అన్నం రెండు గంపలు జెర్సీ ఆవుకు పెట్టారు. పొట్ట ఉబ్బి, పడిపోయి, డాక్టరు వచ్చి బతికించాడు. అప్పటి నుంచి ముళ్ల మీద నడిచినట్టు నడుస్తోంది. నాలుగు కాళ్ల గిట్టల మీద అడ్డంగా గీత పడింది. దానికీ దీనికీ సంబంధం ఉందా? (నకిరేకల్ నుంచి)

జవాబు: ఉంది. టేపు తీసుకుని వెంట్రుకలు ఆగిపోయే చోటు నుంచి ఆ గీత దాకా కొలవండి. ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది చూడండి. నెలకు అర సెంటీమీటరు లెక్కన మూడు నెలలు, అంటే పెళ్లి నాటి గీతే అది. నాలుగు కాళ్లకూ ఒకే ఎత్తున ఉందంటే దెబ్బ కాలికి తగలలేదు, ఒళ్లంతటికీ తగిలింది.

అన్నం, నూకలు, మొక్కజొన్న పిండి, జొన్న పిండి ఒక్కసారిగా ఎక్కువ పడితే పెద్ద పొట్టలో పులిసిపోయి ఆమ్లం పెరుగుతుంది. ఆ విషాలు రక్తంలో కలిసి గిట్ట లోపలి సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తాయి. ఆరోజు ప్రాణం దక్కినా గిట్ట మాత్రం బలహీనంగా పెరుగుతుంది. ఇప్పుడు మీ ఆవుకు గిట్టలు చెక్కించి ఆకారం సరిచేయించండి, మెత్తటి నేల మీద ఉంచండి, మినరల్ మిక్చర్ రోజుకు 50 గ్రాములు మానకుండా ఇవ్వండి. బయోటిన్ అనే విటమిన్ రోజుకు 20 మిల్లీగ్రాములు ఇస్తే కొత్తగా వచ్చే గిట్ట గట్టిగా వస్తుంది, అయితే నెలతో తేలే పని కాదు, ఆరు నెలలు ఓపికగా ఇవ్వాలి. నెల రోజులకే లాభం లేదని మానేస్తే పెట్టిన డబ్బు వృథా.

పెళ్లి అన్నం ఒక్కటే శత్రువు అనుకోకండి. ఆ ప్రమాదం పెద్దది కాబట్టి కళ్లకు కనిపించింది. రోజూ కొద్దికొద్దిగా జరిగేది కనిపించదు. ఈనిన మర్నాడే పాలు పెరగాలని కుడితిలో నూకల జావ, పైన నాలుగు కిలోల దాణా ఒకే పూట పోసేస్తారు, వరిగడ్డి పక్కన పడేస్తారు. పచ్చిమేత దండిగా ఉందని ఎండుగడ్డి మానేసేవాళ్లు మరో రకం. పాలకు రెండున్నర లీటర్లకు కిలో దాణా, ఒంటికి వేరుగా కిలోన్నర, ఇది మామూలు లెక్క. దాన్ని మూడు, నాలుగు సార్లుగా పంచండి. ఈనిన తర్వాత రెండు, మూడు వారాల్లో మెల్లగా పెంచుకుంటూ పోండి. దాణాకు ముందు ఎండుమేత నోటికి అందాలి. దాణా ఎక్కువ తినే ఆవుకు తినే సోడా కొంత కలపొచ్చు, ఎంతనేది మీ డాక్టరునడిగి కలపండి.

సరిపోతోందో లేదో ఆవే చెబుతుంది. మేత తిన్నాక ప్రశాంతంగా పడుకున్న ఆవుల్లో సగానికి పైగా నెమరేస్తూ ఉండాలి. పేడ పలచగా, బుడగలతో, పులిసిన వాసనతో ఉంటే, అందులో గింజలు అలాగే కనిపిస్తుంటే దాణా తగ్గించి గడ్డి పెంచండి. మళ్లీ ఎప్పుడైనా ధాన్యమో అన్నమో మేసేసిందని తెలిస్తే ఉబ్బే దాకా చూడకుండా వెంటనే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ నంబరుకే వస్తుంది.

ప్రశ్న: మా ఆవుకు ఒక కాలికి గిట్టల మధ్య వాచి, చీలి, కంపు కొడుతోంది. జ్వరం ఉంది. కిరసనాయిలు పోశాం, ఒకాయన వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయమన్నాడు. మరో ఆవుకు పురుగులు పడ్డాయి. ఇది గాలికుంటేనా? మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో నడిపించమంటున్నారు, ఎంత కలపాలి? (భీమవరం, తణుకు ప్రాంతాల నుంచి ముగ్గురు అడిగారు)

జవాబు: ఇంజిన్ ఆయిల్ వద్దు, కిరసనాయిలు వద్దు. రెండూ పచ్చి కండను కాల్చేస్తాయి, మానాల్సిన పుండు ఇంకా లోతవుతుంది.

గాలికుంటు అయితే ఒక్క ఆవుతో ఆగదు. రెండు, మూడు రోజుల్లో పక్కనున్న వాటికీ వస్తుంది, నోట్లో బొబ్బలు లేచి చొంగ తీగల్లా కారుతుంది, చప్పరింపు శబ్దం వినిపిస్తుంది, నాలుగు కాళ్లలోనూ గిట్టల మధ్య పొక్కులుంటాయి. అలా ఉంటే వెంటనే ఆసుపత్రికి కబురు చేయండి, ఆవును ఊరి చెరువుకు తోలకండి. మందు లేని వైరస్ జబ్బు అది, ఆరు నెలలకోసారి వేసే టీకానే దారి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ టీకా ఉచితంగా వేస్తున్నారు. పాలు తగ్గుతాయని టీకా వేయించని ఇళ్లున్నాయి. రెండు రోజులు కాస్త తగ్గినా తగ్గొచ్చు, జబ్బు వస్తే మాత్రం ఆ ఈత మొత్తం పోతుంది, ఆ తర్వాత ఎండకు రొప్పే ఆవుగా మిగులుతుంది.

మీరు రాసింది ఒకే కాలు, గిట్టల మధ్య చీలిక, కుళ్లిన వాసన, జ్వరం. ఇది గిట్టల కుళ్లు. బురదలో, మూత్రంలో నాని మెత్తబడిన చర్మానికి రాయో మోడో గీరితే పేడలో ఉండే సూక్ష్మక్రిములు లోపలికి దిగుతాయి. ఇందులో యాంటీబయాటిక్ పనిచేస్తుంది, కాకపోతే మొదటి రోజో రెండో రోజో వేయించాలి. వారం ఆగితే కీలుకు పాకుతుంది, అప్పుడు ఏ మందు వేసినా కష్టమే. మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆ పాలు కేంద్రానికి పోయకండి.

పురుగులు పడ్డ పుండుకు టర్పెంటైన్ తడిపిన దూది ఒకటి, రెండు సార్లు పెట్టి పురుగులను పటకారుతో తీసేయాలి. సీతాఫలం ఆకు ముద్ద, కర్పూరం కలిపిన కొబ్బరినూనె కూడా పనిచేస్తాయి. పురుగులు పోయాక కుప్పింటాకు, వేపాకు, తులసి, గోరింటాకు, వెల్లుల్లి, పసుపు నూరి కొబ్బరినూనెలోనో నువ్వుల నూనెలోనో కాచి పూయొచ్చు. పొలానికి వాడే గుళికల మందు పుండులో పోసేవాళ్లకు చేతులెత్తి మొక్కుతున్నా, ఆ పని చేయకండి, ఆవు చస్తుంది.

మైలుతుత్తం 100 లీటర్ల నీళ్లకు 5 కిలోలు. తొట్టి పది అడుగుల పొడవుండాలి, నీళ్లు గిట్ట పైదాకా మునిగేలా అరడుగు లోతుండాలి. పేడ కాళ్లతో దిగితే ఆ మందు పేడకే సరిపోతుంది, ముందు మామూలు నీళ్లతో కాళ్లు కడిగి దించండి. రెండు, మూడు ఆవులున్నవాళ్లకు తొట్టి దండగ, అదే మోతాదు నీళ్లు బకెట్టులో కలిపి, కడిగిన గిట్టల మీద స్ప్రేయరుతో కొట్టండి, పొదుగుకు పడకుండా చూసుకోండి. ఆవులు ఆ నీళ్లు తాగకూడదు. వాడిన నీళ్లను పంట కాలువలోకి గానీ చేపల చెరువు, రొయ్యల చెరువు వైపు గానీ వదలకండి, రాగి చేపలకు విషం, నేలలో పడితే ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. మీ వైపు ఇది చిన్న విషయం కాదు.

ప్రశ్న: గిట్టలు ఎవరితో చెక్కించాలి? ఎడ్లకు నాడాలు కొట్టే ఆయన వస్తానంటున్నాడు. (ప్రొద్దుటూరు)

జవాబు: ఆయన చేతిలో పనితనం ఉంటుంది, కాదనను. రెండు షరతులు. చూడి ఆవును ఎద్దును పడేసినట్టు తాళ్లేసి పడేయకూడదు, నిలబెట్టే చేయాలి. రెండోది, ఎద్దుకు నాడా కూర్చోడానికి అడుగు చదును చేస్తారు, పాల ఆవుకు అంత తీసేస్తే అడుగు పలచబడి కొత్త కుంటు మొదలవుతుంది.

ప్రపంచమంతా వాడే పద్ధతి నెదర్లాండ్స్‌లో టూసెంట్ రావెన్ అనే పశువైద్యుడు చెప్పిన ఐదు మెట్ల పద్ధతి. వెనక కాలికి ముందు లోపలి గిట్టతో మొదలుపెట్టాలి. వెంట్రుకల అంచు నుంచి కొన దాకా ఏడున్నర సెంటీమీటర్లు ఉంచి మిగతాది కత్తిరించాలి, పెద్ద ఆవుకు అది దాదాపు నాలుగు వేళ్ల వెడల్పు. మడమ జోలికి పోకూడదు. బయటి గిట్టను లోపలి దానికి సమానంగా తేవాలి, రెండూ ఒకే ఎత్తులో నిలిస్తే బరువు పంచుకుంటాయి. తర్వాత పుండ్లు వచ్చే చోట అడుగును కొద్దిగా పల్లం చేయాలి. పుండు ఉంటే ఆ గిట్ట మడమ దించి బరువు తప్పించాలి, చివరికి వదులుగా ఉన్న పొరలు తీసేయాలి. బొటనవేలితో నొక్కితే అడుగు లొంగిందంటే ఇక ఒక్క గీత కూడా గీయకూడదు. గ్రైండరు చేతికిస్తే ఈ హద్దు దాటడం క్షణం పని, అందుకే కొత్తవాళ్లకు కత్తి, కత్తెరే నయం.

ఏడాదికి రెండు సార్లు చాలు, పాలు ఆపేసే రోజుల్లో ఒకసారి, ఈనిన రెండు, మూడు నెలలకు ఒకసారి.

ప్రశ్న: మూడు ఆవులను నేనే చూసుకుంటాను. కుంటేదాకా తెలియడం లేదు. ముందే కనిపెట్టేదెలా సార్? (మదనపల్లె నుంచి ఒక గృహిణి)

జవాబు: రోజూ పొదుగు దగ్గర కూర్చునేది మీరే కాబట్టి మీకే ముందు తెలుస్తుందమ్మా. పాలు పిండాక ఆవును విప్పి, గట్టి నేల మీద పది అడుగులు నడిపించి పక్క నుంచి వీపు చూడండి. నిలబడ్డప్పుడూ నడిచేటప్పుడూ వీపు తిన్నగా ఉంటే బాగున్నట్టు. నిలబడితే తిన్నగా ఉండి నడిస్తే వంగుతోందా, నొప్పి మొదలైంది. నిలబడినా వంగే ఉంటే కాలు ఎత్తి చూడాల్సిన రోజు అదే, అడుగు తేడా రాకపోయినా సరే. తల ఊపుతూ నడవడం, ఒక కాలు కాపాడుకోవడం అంటే అప్పటికే ఆలస్యమైంది.

ఇంకొన్ని గుర్తులు చెబుతా. ముందు కాళ్లు కత్తెరలా అడ్డం పెట్టి నిలబడితే ముందు కాళ్ల లోపలి గిట్టల్లో నొప్పి. వెనక కాళ్ల నడిమి కీళ్లు దగ్గరకు వచ్చి, గిట్టలు బయటికి తిరిగితే బయటి గిట్ట పెరిగిపోయింది. పిండేటప్పుడు ఎడమ కాలు, కుడి కాలు మార్చుకుంటూ ఉంటే ఈగలు అనుకుని వదిలేయకండి. ఎదకు రావడం లేదని గోపాలమిత్రను (ఊళ్లో కృత్రిమ గర్భధారణ సూది వేసే అతన్ని) పిలిచే ముందు కూడా గిట్టలు చూడండి, కాలు నొప్పి ఉన్న ఆవు ఎదలో ఉన్నా వేరేదాని మీదికి ఎక్కదు, మనకు కనబడదు. గోడ మీది క్యాలెండరులో ఏ ఆవు, ఏ కాలు, ఏ తేదీ అని రాసుకోండి. అదే కాలు మళ్లీ మళ్లీ వస్తోందంటే ఆ ఆవు నిలబడే చోటులోనే ఏదో ఉంది.

ప్రశ్న: సంతలో ఆవు కొనబోతున్నాను. గిట్టల్లో ఏం చూడాలి? (జగిత్యాల)

జవాబు: ఇసుకలో, గడ్డి మీద నిలబెట్టి చూపిస్తే కుదరదనండి. తారు రోడ్డు మీదికి తెప్పించి నడిపించమనండి, రెండు వైపులా తిప్పించండి, మలుపులో కుంటు బయటపడుతుంది. గిట్టల మీద అడ్డగీతలు, కొనలు పైకి వంగి చెప్పులా సాగడం, రెండు గిట్టల ఎత్తు తేడా చూడండి. మడమ వెనక, గిట్టలు చీలే చోట కడిగించి చూడండి, ఎర్రగా, గరుకుగా, ముట్టుకుంటే ఆవు ఎగిరిపడే పుండు ఉంటే అది అంటుకునే రకం, ఒక్క ఆవు తెచ్చి షెడ్డంతా పాకిస్తుంది. బయటి రాష్ట్రాల నుంచి లారీలో వచ్చిన ఆవును ఎంత బాగున్నా మూడు వారాలు వేరే కొట్టంలో కట్టేయండి. అంతకుముందు ఎప్పుడైనా నొప్పి ఇంజెక్షన్ పడిందేమో అన్న అనుమానముంటే ఒకరోజు చూసి బేరం పెట్టి, కొన్ని రోజులాగి మళ్లీ నడిపించి చూశాకే డబ్బు ఇవ్వండి. అప్పటికి నడిపించడానికి ఒప్పుకోకపోతే వేరే ఆవును చూసుకోండి.